ఆటలో అరటిపండు

సెలెస్ట్ అనే ఆటలో ఒక మెనూ ఉంది. 2018లో వచ్చిన ఈ ఆటలో మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కాలి. దారంతా ముళ్లు, కాలు పెట్టగానే కూలిపోయే పలకలు, ఎదురుగాలి. మామూలుగా ఆడేవాళ్లు శిఖరం చేరేలోపు వందలసార్లు చస్తారు, కొందరికి ఆ లెక్క వేలల్లోకి పోతుంది. అంత ఓపిక లేనివాళ్ల కోసం, వేళ్లు అంత చురుగ్గా కదలనివాళ్ల కోసం తయారీదారులు అసిస్ట్ మోడ్ పెట్టారు. ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు. గోడ పట్టుకుని వేలాడే సత్తువ తరిగిపోకుండా చేసుకోవచ్చు. అసలు చావే లేకుండా కూడా చేసుకోవచ్చు.

దసరాకి గుంటూరు వచ్చిన మేనకోడలు ఆ మెనూ తెరిచి వేగాన్ని ఎనభై శాతానికి దించుతుండగా మావయ్య కంట పడింది.

“ఇదేంటమ్మాయ్? ఆటలో అరటిపండా?”

“అవును. ఏం, కాకూడదా?”

అంతే, మొదలైంది. మావయ్యకు నలభై అయిదు దాటాయి. బ్రాడీపేటలో ల్యాప్‌టాప్‌లు బాగుచేసే షాపు. పదిహేనేళ్ల కిందటి దాకా అదే గదిలో నెట్ సెంటర్ నడిపాడు. అంతకు ముందు, తొంభైల మొదట్లో, టీవీకి తగిలించే గేమ్ డబ్బాలో పసుపు రంగు క్యాసెట్లు గుచ్చి, పని చేయకపోతే నోటితో ఊది మళ్లీ గుచ్చి ఆడిన తరం. మేనకోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు రాసిన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. ఆ గుణం మాటల్లోకీ వస్తుంది.

“ఓడిపోవడానికి సిగ్గుపడేవాళ్లు ఆట జోలికి రాకూడదు తల్లీ,” అన్నాడు మావయ్య. “సూపర్ మారియో చూడు. 1985. మొదటి తెర మీద నువ్వు ఎడమ పక్కన నిలబడి ఉంటావు, కుడి పక్కంతా ఖాళీ. ఎటు పోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. నాలుగడుగులు వెయ్యగానే ఆ గూంబా గాడు ఎదురొస్తాడు. దూకావా బతికావు, దూకలేదా చచ్చావు. పోయింది రెండు క్షణాలు. మళ్లీ మొదలుపెడతావు, ఈసారి దూకుతావు. ఒక్క అక్షరం లేకుండా పాఠం చెప్పాడు, ఆ ఆట చేసిన మియమోటో. ఆ చావు తీసేస్తే పాఠమేది?”

“గూంబా తర్వాత ఏమొస్తుందో కూడా చెప్పు.”

“పుట్టగొడుగు.”

“ఆ పుట్టగొడుగు అటు పోయి గొట్టానికి తగిలి నీ మీదకే తిరిగొస్తుంది. కొత్తవాడు అదీ శత్రువే అనుకుని కంగారుగా దూకితే, నెత్తి మీద ఇటుకలు తగిలి మళ్లీ దాని మీదే పడతాడు. తప్పించుకుందామన్నా తప్పదు, పెద్ద మారియో అయి తీరతాడు. కావాలనే అలా కట్టామని మియమోటో గారే చెప్పారు. మొదటి తెరలోనే నీకు అరటిపండు పెట్టారు మావయ్యా. నువ్వు తిన్నావు కూడా.”

మావయ్య ఈ మాట విననట్టే కాంట్రాలోకి వెళ్లిపోయాడు. కాంట్రా అంటే తెలియని మగపిల్లాడు ఆ రోజుల్లో కోస్తా ఊళ్లలో అరుదు. క్యాసెట్ మీద వందల ఆటలున్నాయని రాసేవారు, గుచ్చి చూస్తే ఒకే కాంట్రా పది పేర్లతో ఉండేది. మూడు ప్రాణాలు. ఒక్క తూటా తగిలితే ఒక ప్రాణం హరీ. ఇద్దరు కలిసి ఆడుతుంటే ఒకడు జలపాతం పైకి తొందరపడి ఎక్కాడా, తెర పైకి జరిగి కింద ఉన్నవాడు చచ్చేవాడు. స్నేహాలు అక్కడ చెడేవి.

“మూడు ప్రాణాలతో ఆఖరు దాకా పోయినవాడికి మా వీధిలో ఉన్న మర్యాద ఎమ్మెల్యేకి లేదు,” అన్నాడు మావయ్య.

“మూడుతోనేనా? పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ముప్పై ప్రాణాలు. అమ్మ చెప్పింది, నువ్వు ఆ కోడ్ నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నావట.”

“అది రహస్యం. సంపాదించుకోవాలి. సందులో ఎవడో చెబితే తెలియాలి. మెనూలో పెట్టి రండి బాబూ రండి అని పిలవలేదు.”

“రహస్యమే. కానీ ఎందుకు పుట్టిందో తెలుసా? కాంట్రా చేసిన కొనామీ కంపెనీలోనే కజుహిసా హషిమోటో అని ఒకాయన గ్రాడియస్ ఆటను ఇంట్లో ఆడే డబ్బాకు మారుస్తున్నాడు. 1986 సంగతి. తయారైంది లేనిది చూడాలంటే ఆఖరు దాకా ఆడాలిగా? ఆయన వల్ల కాలేదు. అంత కష్టం. అందుకని తన కోసం ఆ కోడ్ పెట్టుకున్నాడు, తర్వాత అది ఆటలోనే ఉండిపోయింది. అంటే ఆ ఆట తయారుచేసినవాడే మొదటి అరటిపండు.”

టెస్టర్ ఉద్యోగం చేసే మనిషికి ఈ కథ ఎందుకంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఆమె అక్కడితో ఆగలేదు. పాత ఆటల కష్టమంతా కళ కాదని, సగం వ్యాపారమని వాదించింది. నాణెం వేసి ఆడే యంత్రాలకు నువ్వు త్వరగా చావడమే ఆదాయం. 1985 నాటి గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్‌లో చివరి రాక్షసుణ్ణి చంపాక ఇదంతా మాయ, మళ్లీ మొదటి నుంచి రా అంటుంది ఆట. రెండోసారి పూర్తిచేస్తే తప్ప నిజమైన ముగింపు లేదు. ఇక 1994లో వచ్చిన లయన్ కింగ్. పిల్లల సినిమా, పిల్లల ఆట, రెండో అంకానికే పెద్దవాళ్లు చేతులెత్తేసేవారు. అమెరికాలో ఆటలను వీడియో షాపుల్లో అద్దెకిచ్చేవారు. అద్దె గడువులోనే ఆట అయిపోతే ఇంకెవరూ కొనరు. అందుకని మొదట్లోనే అడ్డం వెయ్యమని డిస్నీ అడిగిందని ఆ ఆట చేసినవాళ్లలో ఒకరు తర్వాత బయటపెట్టారు.

“కాబట్టి నువ్వు పడ్డ కష్టంలో కొంత నీ శీలాన్ని పెంచడానికి కాదు మావయ్యా, అద్దె షాపువాడి మీద కోపానికి.”

“మనూళ్లో అద్దె షాపు ఎక్కడేడ్చింది? మాకు మటుకు కష్టం కష్టమే.”

ఇది హాస్యమే కానీ ఇందులో పదును లేకపోలేదు. ఆట ఎందుకు కష్టంగా పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఆడినవాడికి ఆ కష్టం ఏమిచ్చిందన్నది ఇంకో ప్రశ్న. మేనకోడలు మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని గెలిచేశాననుకుంది.

మావయ్య అసలు బలం ఈ కాలపు ఆటల దగ్గర బయటపడింది. అతను పాతకాలం మనిషే కానీ పాత ఆటల దగ్గరే ఆగిపోలేదు. జపాన్‌లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ చేసిన డార్క్ సోల్స్, సెకిరో, ఎల్డెన్ రింగ్ మూడూ రాత్రిళ్లు షాపు షట్టర్ దించుకుని ఆడాడు. 2019లో సెకిరో వచ్చినప్పుడు దీనికి తేలిక మోడ్ ఎందుకు లేదని ప్రపంచమంతా కొట్టుకుంది. ఆ సంస్థలో ఆటలు నడిపించే హిదెతాకా మియజాకి మాత్రం అందరూ ఒకే కష్టాన్ని ఎదుర్కోవాలి, ఒకే స్థాయిలో మాట్లాడుకోవాలి అనే పట్టు మీదే ఉన్నాడు.

“ఆయన మాటలో ఉన్నది నా నెట్ సెంటర్లో చూశాను నేను. సాయంత్రం కాలేజీ పిల్లలు రాగానే మొదటి మాట, ఎక్కడ ఆగిపోయావురా అని. ఆ ప్రశ్నకు అర్థం ఎప్పుడుంటుంది? ఇద్దరికీ గోడ ఒకే ఎత్తున ఉన్నప్పుడు. నీకు ఎనభై శాతం, వాడికి అరవై శాతం అయితే ఇంకేం మాట్లాడుకుంటారు?”

“వైస్ సిటీ ఆడేవాళ్లు ఏం మాట్లాడుకునేవాళ్లు? ప్రతి కంప్యూటర్ పక్కనా కోడ్‌ల కాగితం నువ్వే అంటించావుగా.”

అది నిజం. 2002 నాటి జీటీఏ వైస్ సిటీ నెట్ సెంటర్ల కాలంలో తెలుగు కుర్రాళ్లకు సొంత ఊరంత పరిచయం. ప్యాంజర్ అని టైపు చేస్తే ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు యుద్ధ ట్యాంకు వచ్చేది. లీవ్ మీ అలోన్ అని కొడితే వెంటపడ్డ పోలీసులు ఊరుకునేవారు. గంటకు పదిహేను రూపాయలిచ్చి వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఒక్క మిషన్ కూడా పూర్తి చెయ్యకుండా బీచ్ రోడ్డు మీద ట్యాంకులో తిరిగి ఇంటికి పోయేవారు.

“వాళ్లది ఆట కాదు, షికారు,” అన్నాడు మావయ్య.

“షికారు కూడా ఆటే.”

“సరే అనుకుందాం. కానీ డార్క్ సోల్స్‌లో సాయం లేదని ఎవరన్నారు? ఉంది. మెనూలో లేదు, మనుషుల్లో ఉంది. నేల మీద వేరే ఆటగాళ్లు రాసిపెట్టిన సందేశాలుంటాయి, ముందు గొయ్యి ఉంది జాగ్రత్త అని. రక్తపు మరక ముట్టుకుంటే ఇక్కడ ఇంకొకడు ఎలా చచ్చాడో నీడలా కనిపిస్తుంది. మరీ కుదరకపోతే ఎవర్నో పిలుచుకోవచ్చు, పేరూ ఊరూ తెలియని మనిషి వచ్చి పక్కన నిలబడి కొట్టి వెళ్లిపోతాడు. మియజాకికి ఆ ఆలోచన ఎక్కడొచ్చిందో తెలుసా? మంచు పడుతుంటే కొండ రోడ్డు మీద కార్లు జారిపోతున్నాయట. వెనక కారు ముందు కారును నెట్టింది, దాన్ని ఇంకా వెనక కారు నెట్టింది. అలా ఒకదాన్నొకటి తోసుకుంటూ అందరూ పైకెక్కారు. ఈయన తనను నెట్టినవాళ్లకు థాంక్స్ చెబుదామంటే ఆగడానికి లేదు, ఆగితే మళ్లీ ఇరుక్కుంటాడు. అదీ సాయం చేసే పద్ధతి. స్విచ్చి నొక్కితే వచ్చేది కాదు.”

మేనకోడలు కాసేపు మాట్లాడలేదు. ఈ సంవాదం మొత్తంలో మావయ్య బాగా ఆడిన భాగం ఇదే.

తర్వాత ఆమె అడిగింది: “ఆ నెట్టే కారు రావాలంటే ముందు నీకు స్టీరింగ్ పట్టుకునే చేతులుండాలిగా?”

2020లో వచ్చిన లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగం గురించి ఆమె చెప్పింది. అందులో అందుబాటు కోసం పెట్టిన సెట్టింగులు అరవైకి పైన. తెర మీది అక్షరాలను చదివి వినిపించడం, దగ్గర్లో వస్తువుంటే ఒక చప్పుడు, శత్రువుంటే వేరే చప్పుడు, దారి తప్పితే ఒక్క మీట నొక్కగానే ముఖం సరైన వైపు తిప్పడం. కళ్లు కనిపించనివాళ్లు ఆ ఆటను మొదటి నుంచి చివరి దాకా పూర్తిచేశారు. సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ తెరవగానే ఒక సందేశం కనిపిస్తుంది. మొదట్లో అందులో, ఇది లేకుండా ఒకసారి ఆడి చూడండి అనే సలహా ఉండేది. అంగవైకల్యం ఉన్న ఆటగాళ్లు ఆ సలహా ఎవరికి ఇస్తున్నారని అడిగాక ఆ మాటలు మార్చారు.

“వాళ్ల సంగతి వేరే,” అన్నాడు మావయ్య.

“ఎవరు వాళ్లు, ఎవరు కారు అని తలుపు దగ్గర కూర్చుని సర్టిఫికెట్ అడుగుతావా?”

దానికి అతని దగ్గర జవాబు లేదు. లేకపోయేసరికి, ఓడిపోతున్న మనిషి చేసే పనే చేశాడు. సొంత విజయాలు ఏకరువు పెట్టాడు. వాటిలో అన్నిటికన్నా గట్టిగా చెప్పుకున్నది రెసిడెంట్ ఈవిల్ 4. షాపులో కంప్యూటర్ల మీద ఆడిన రోజులు. ఊరి జనమంతా గొడ్డళ్లు పట్టుకుని ఇంటిని చుట్టుముట్టే ఆ మొదటి ఘట్టంలో చచ్చి చచ్చి, చివరికి ఎవరి సాయమూ లేకుండా, ఏ కోడూ లేకుండా దాటాడు.

మేనకోడలి ముఖం వెలిగిపోయింది.

“మావయ్యా, ఆ ఆటలో లోపల ఒక లెక్క నడుస్తుంటుంది. తెర మీద కనిపించదు. నువ్వు బాగా ఆడుతుంటే శత్రువుల దెబ్బ పెరుగుతుంది. పదే పదే చస్తుంటే వాళ్లు మెత్తబడతారు. కొన్నిచోట్ల లెక్కలోనే తగ్గిపోతారు. ప్రొఫెషనల్ స్థాయిలో తప్ప మిగతా అంతా అంతే. నువ్వు చచ్చి చచ్చి దాటావన్నావు చూడు, చచ్చావు కాబట్టే దాటావు. అప్పట్నుంచీ నువ్వు అరటిపండువే.”

ఎవరైనా నొచ్చుకుంటారు. మావయ్య నొచ్చుకోలేదు సరికదా, ఆలోచించి చెప్పిన మాట ఈ గొడవలో అన్నిటికన్నా లోతైనది.

“అయితే అది గొప్ప ఆటే. చిన్నప్పుడు నిన్ను వీధిలో పిల్లలు దొంగాటలో అరటిపండుగా పెట్టుకునేవాళ్లు. నువ్వు అందరితో సమానంగా పరిగెత్తేదానివి, నిన్ను ముట్టుకున్నా అవుట్ అనేవాళ్లు కాదు. నీకు తెలిసేది కాదు. తెలిసిన రోజు మాత్రం ఏడుస్తూ ఇంటికొచ్చావు. అరటిపండుకి తాను అరటిపండునని తెలియకూడదు. అదీ పద్ధతి. మీ సెలెస్ట్ బోర్డు కట్టి మరీ చెబుతోంది.”

“చెప్పడమే మర్యాద. చెప్పకుండా చేసేది ఇంకోటుంది, ఫోన్లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ. కొత్తగా చేరినవాడు మొదటి ఆటల్లోనే పదిమందిని కాల్చి చికెన్ డిన్నర్ కొడతాడు. ఎంత మొనగాణ్ణో అనుకుంటాడు. వాడు కాల్చినవాళ్లలో సగం బాట్లు, కంప్యూటర్ నడిపే బొమ్మలు. అదీ నీ పద్ధతే మరి. తెలియకుండా పెట్టిన అరటిపండు.”

“అది వలేసి పట్టడానికి.”

“నీ రెసిడెంట్ ఈవిల్ దేనికి? ప్రేమతోనా?”

ఇంతలో వంటింట్లోంచి అక్కయ్య, అంటే ఆ అమ్మాయి తల్లి, ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చింది. ఆమె క్యాండీ క్రష్ ఆడుతుంది. 2012 నుంచి లోకమంతా ఆడుతున్న ఆట కాబట్టి వీళ్లిద్దరూ ఎన్నడూ ఆమెను ఆటగత్తెగా లెక్కపెట్టలేదు. ఆ ఆటలో అయిదు ప్రాణాలు. ఒకటి పోతే అరగంటకు గానీ తిరిగి రాదు. ఆగలేనివాళ్లు డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. ఆ ఆగలేనితనం విలువ ఎంతంటే, ఆ ఆట చేసిన కింగ్ సంస్థను 2016లో యాక్టివిజన్ బ్లిజార్డ్ 590 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

“నేనైతే పైసా కట్టలేదు,” అంది ఆమె. “ప్రాణాలు అయిపోగానే పప్పు పోపేసుకుంటా. తిరిగొచ్చేసరికి వచ్చి ఉంటాయి. మీరిద్దరూ ఇంతసేపు కొట్టుకున్నారు, అన్నాలు తింటారా?”

కష్టాన్ని అమ్మడం, తర్వాత దాని నుంచి విముక్తి అమ్మడం అసహ్యమనే ఆ ఒక్క విషయంలో మావయ్య గాని మేనకోడలు గాని రెండో మాట అనరు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. క్యాండీ క్రష్ ఆ లెక్కలోకి రాదు, అందులో గెలిచినా ఎవరూ ఏమీ ఇవ్వరు కదా. గెలుపు కొనడం తప్పు కానప్పుడు డబ్బు గెలవడం ఎందుకు తప్పయిందని మావయ్య లా పాయింటు తీయబోతే అక్కయ్య కంచాలు పెట్టేసింది.

గోంగూర, ముద్దపప్పు దగ్గర మళ్లీ మొదలైంది, ఈసారి పుస్తకాల మీదుగా.

“పుస్తకం నలభయ్యో పేజీలో నాకు పరీక్ష పెట్టి, పాసైతేనే నలభై ఒకటో పేజీ తిప్పుకో అనదు,” అంది మేనకోడలు. “సినిమా ఇంటర్వెల్లో బయటకు గెంటదు. నేను డబ్బు పెట్టి కొన్న ఆట నన్ను సగంలో ఆపేస్తుంది.”

“పుస్తకం ఆపదా? తాతయ్య బీరువాలో విజయవిలాసం ఉంది. చేమకూర వెంకటకవి. తీసి మొదటి పది పద్యాలు చదువు. ఎక్కడ ఆగావో చెప్పు.”

“ఆగుతాను. కానీ ఆ బీరువాలోనే తాపీ ధర్మారావు గారి హృదయోల్లాస వ్యాఖ్య కూడా ఉంది. సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు దానికి. అరటిపండు వలిచి పెట్టినందుకే కదా?”

“వ్యాఖ్యానం పద్యాన్ని ముట్టుకోదమ్మా. శ్లేష శ్లేషలాగే ఉంటుంది, పక్కన అర్థం చెబుతారు. నీ అసిస్ట్ మోడ్ పద్యంలో అక్షరాలే తీసేస్తోంది.”

ఆమె ముద్ద కలుపుతూ ఆలోచించింది. “నా ఒక్కదాని ప్రతిలో. నీ ప్రతి నీ దగ్గరే ఉంది, ఒక్క ముల్లు తగ్గలేదు. అందరి ప్రతినీ మార్చేది అసిస్ట్ మోడ్ కాదు, తయారీదారులు తర్వాత పంపే ప్యాచ్. సిల్క్‌సాంగ్ ఆడుతున్నావా?”

“నెలయింది.”

హాలో నైట్ సిల్క్‌సాంగ్‌ను ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం తయారుచేసింది. 2019లో ప్రకటించారు. 2025 సెప్టెంబర్ 4న విడుదల చేస్తే, కొనేవాళ్ల తాకిడికి స్టీమ్ లాంటి పెద్ద పెద్ద ఆన్‌లైన్ దుకాణాలే కాసేపు పడిపోయాయి. వారం తిరగకముందే మరీ కష్టంగా ఉందని గోల. ఆ నెలలోనే వచ్చిన మొదటి ప్యాచ్‌లో మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే తొలి భాగపు బాసులను కాస్త మెత్తబరిచారు.

“తగ్గించారు మావయ్యా. నువ్వడగలేదు, నిన్నెవరూ అడగలేదు. నేను మూర్‌వింగ్‌ను మొదటివారంలోనే కొట్టాను. ఇప్పుడు కొట్టేవాడిదీ నాదీ ఒకే మూర్‌వింగ్ కాదు. ఒక స్లైడర్ పెట్టి ఉంటే నాది నాకు మిగిలేది. నీ మియజాకి చెప్పే ఒకే గోడ, ఒకే ఎత్తు ఉందే, దాన్ని నిలబెట్టాలన్నా కూడా స్లైడరే గతి.”

“అంటే నువ్వు ఆ ప్యాచ్‌కు వ్యతిరేకమా?”

“ఆ ప్యాచ్‌కు వ్యతిరేకం. అసిస్ట్ మోడ్‌కు అనుకూలం.”

మావయ్య మజ్జిగ పోసుకుంటూ దీన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. ఎక్కడో తొండి ఉందని అతని అనుమానం, ఎక్కడో దొరకలేదు.

“నేనింకా మూర్‌వింగ్ దగ్గరకు పోలేదు. షాపు కంప్యూటర్‌ని స్టీమ్ ఆఫ్‌లైన్లో పెట్టి ఆడుతున్నా. ప్యాచ్ ఎక్కలేదు. నాకు అసలు ప్రతే కావాలి, తాళపత్రం లాంటిది.”

“ఆ ప్యాచ్‌లో బగ్గులు కూడా బాగుచేశారు.”

“ఏ బగ్గులు?”

ఆమె ఎడమచేత్తో ఫోన్ తీసి ప్యాచ్ వివరాలు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది. మూడోది వినగానే మావయ్య కంచం పక్కకు జరిపి, “అది నాకూ వచ్చింది, నా వేళ్ల తప్పనుకున్నా,” అన్నాడు.